బురద వాయనం

నమిత ఏం ఉద్యోగం చేస్తుందో చెప్పుకోవడం వాళ్ళ నాన్నకు చాలాకాలం చేతకాలేదు. హోసూరు పాత బజారులో ఆయనది కిరాణా కొట్టు. కందిపప్పు తూస్తుండగా ఎవరైనా, "మీ పాప ఇంజనీరంట కదప్పా, యాడ పని?" అని అడిగితే కాసేపు తక్కెడ వైపు చూసి, "నీళ్ళ ఆఫీసులో" అనేవాడు. దాంతో వీధి కుళాయి రాని రోజల్లా ఆడవాళ్ళు బిందెలతో సహా వచ్చి కొట్టు ముందు నిలబడేవాళ్ళు. సాయంత్రం కూతురు ఇంటికి రాగానే, "ఆ కుళాయి సంగతి కొంచం చూడమ్మా" అని ఆయన కూడా అడిగాడని విన్నాను.

ఆమె చదివింది పర్యావరణ ఇంజనీరింగు. ఫ్యాక్టరీల నుంచి బయటికి పోయే నీళ్ళు, పొగ, చెత్త చట్టం ఒప్పుకునేలా ఉన్నాయో లేదో చూడడం, లేకపోతే ఉండేలా చేయడం ఆమె పని. "ఇంట్లోకి ఏమొస్తాదో అందరూ చూస్తారన్నా. తూములోంచి ఏం పోతాదో చూసేదానికి ఒక మనిషి కావల్ల కదా" అంటుంది నాతో.

ఈ పిచ్చి ఆమెకు కాలేజీ రోజుల్లో కెలవరపల్లి డ్యాము దగ్గర పట్టింది. వానలకు గేట్లు ఎత్తారు. నది మీద తెల్లటి నురుగు దూది బస్తాలు పేర్చినట్టు లేచింది. తోటి పిల్లలంతా ఫోటోలు తీసుకుంటుంటే నమిత ఒక ఖాళీ సోడా సీసాలో ఆ నీళ్ళు పట్టింది. పరీక్ష చేయిద్దామని ఇంటికి తెచ్చి వంటింటి గూట్లో పెట్టింది. ఏం నీళ్ళే అని అవ్వ అడిగితే "దక్షిణ పినాకినివి" అని ఊరుకుంది. అక్కడే పొరపాటు జరిగింది. తెల్లారి లేచేసరికి అవ్వ "తల్లీ పినాకినీ" అంటూ ఆ తీర్థాన్ని ఇల్లంతా చల్లి, తులసికి పోసి, కొట్లో గల్లాపెట్టె మీద కూడా నాలుగు చుక్కలు వేసింది. ఆ రోజు బేరాలు బ్రహ్మాండంగా సాగాయట. తులసి ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

చదువు అయ్యాక పారిశ్రామికవాడలో, ఇనుప సామానుకు పూత పూసే ఒక ఫ్యాక్టరీలో చేరింది. మురికినీళ్ళు బాగుచేసే యంత్రాల దగ్గర డ్యూటీ. మేనేజరు ఆమెను "మా చెట్ల మేడమ్" అని పరిచయం చేసేవాడు. ఏటా పర్యావరణ దినోత్సవానికి ఆమె చేత ఒక మొక్క నాటించి ఫోటో తీయించేవాడు. మొక్క మాత్రమే కొత్తది. గుంత ఏటా అదే. కొన్నేళ్ళకు ఆ గుంతకు నమస్కారం పెట్టి బయటికొచ్చి, మత్తిగిరిలో ఒక బేకరీ మీది గది తీసుకుని సొంతంగా సలహాలిచ్చే ఆఫీసు పెట్టింది.

ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు ఆమెను పిలుస్తాయి. ఒక్కో సామాను చేయడానికి ఎన్ని నీళ్ళు, ఎంత కరెంటు, ఎంత పొగ అని లెక్కగట్టి తళతళలాడే రిపోర్టులు రాయిస్తాయి. కానీ ఆమె పని చేసేటప్పుడు చూడాలి. చల్లటి గదిలో కోటు వేసుకున్న మేనేజరు గోడ మీద బొమ్మలు చూపించి అంతా అయ్యాక, "మీ కడిగిన నీళ్ళు యాడికి పోతాయి సార్?" అంటుంది. "వెళ్ళిపోతాయి మేడమ్" అంటాడాయన. "అదే, యాడికి?" అని మళ్ళీ నవ్వుతూనే అడుగుతుంది. ఆ తర్వాత ఆ గదిలో ఎవరికీ చలి వేయదు.

ఇక మా కథ. మా బావ గోపాలయ్యది కృష్ణగిరి దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. మా అక్క రాజలక్ష్మిని ఆయనకు ఇచ్చిన పుణ్యాన కాయలు కొనే పని నాది. మామిడి కాలం ఉన్నన్నాళ్ళే మాకు పని, తర్వాత గేటుకు తాళం. తొక్కలూ టెంకలూ కడిగిన నీళ్ళు తియ్యగా ఉంటాయి కదా, వాటివల్ల ఎవరికేం అని మేమంతా అనుకునేవాళ్ళం. కిందటేడు ఆ తియ్యటి నీళ్ళు వాగులో పులిసి, పక్క రైతు ఈశ్వరప్ప బావి కంపు కొట్టింది. ఆయన ఫిర్యాదు చేశాడు. కాలుష్య మండలి వాళ్ళొచ్చి సీజను నడుమ గేటుకు సీలు వేశారు. ఆ పైన బావ జుట్టు ఎంత పోయిందో చెప్తే ఆయనకు కోపం వస్తుంది.

ఈ యేడు బతిమాలగా ఒక్క అవకాశం ఇచ్చారు. కొన్నాళ్ళు కొద్దిగా నడుపుకోండి, ఫలానా సోమవారం వచ్చి మీ నీళ్ళు పట్టుకుపోతాం, పరీక్షలో బాగుంటే సరే, లేకపోతే ఆ తాళం ఇక తీసేది లేదు అన్నారు. అప్పుడు బావ నమితను పిలిపించాడు.

ఆమె రాగానే మొదట అడిగింది ఒక ట్రాక్టరు పేడ, రెండు మూటల బెల్లం. మావాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఫ్యాక్టరీ వెనక మురికినీళ్ళు చేరే ఈతకొలనంత తొట్టి ఉంది. అడుగున గొట్టాల్లోంచి బుడగలు వస్తుంటాయి. ఆ పేడ, బెల్లం అందులో కలిపించి, తొట్టి చూసుకునే గుర్రప్పతో చెప్పింది. "ఇది పెరుగు తోడు పెట్టినట్టేనప్పా. పేడలో కంటికి కనబడని ప్రాణులుండాయి. గాలి, తిండి ఇస్తే పెరుగుతాయి. మన మామిడి మురికిని తినేసేది అవే. యంత్రాలు ఉత్త పరిచారికలు."

కొన్ని వారాల్లో తొట్టి చాక్లెట్ రంగుకు తిరిగి వానపడిన మట్టి వాసన వేసింది. నమిత దాన్ని చూసి మురిసిపోయేది. నాకు చూస్తే కాఫీ తాగబుద్ధయ్యేది కాదు.

మా అక్క ఆ రోజుల్లో కూతురు కాన్పుకని బెంగుళూరులో ఉంది. అందుకే పెరుగు పాఠం వినలేదు. అక్క శుభ్రత గురించి ఒక మాట చెప్పాలి. గ్యాసు సిలిండరును సబ్బుతో కడగకుండా గడప దాటనివ్వదు. కొత్త చీపురు తెస్తే దాన్నీ కడుగుతుంది. అలాంటి మనిషి, సోమవారం ఆఫీసర్లు వస్తున్నారనగా ఆ వారంలో తిరిగొచ్చి, ఫ్యాక్టరీ ఒక చుట్టు చూద్దామని వెనక్కి నడిచింది. తొట్టి నిండా గోధుమరంగు నురుగు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుర్రప్పను పిలిచింది.

"ఏమప్పా, పెద్దమనుషులు వచ్చేటప్పుడు ఇంత గలీజు పెట్టుకోనుండారు? మీ ఇంటికి చుట్టాలొస్తే ఇట్లనే పెడతావా?"

గుర్రప్ప నసిగాడు. యజమానురాలికి ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు. స్టోరులో ఉన్న బ్లీచింగ్ పౌడరు మూటలన్నీ అక్క దగ్గర నిలబడి తొట్టిలో పోయించింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, ఒక పని అయిందన్న తృప్తితో భోంచేసింది.

మర్నాడు నమిత స్కూటరు గేటు దగ్గరే ఆగిపోయింది.

"శ్రీహరన్నా, ఈ వాసనేంది?"

"వాసనే లేదు కదమ్మా!" అన్నాను నేను గర్వంగా.

"అదే అడుగుతాండాను."

పరుగున వెళ్ళి గాజు జాడీలో తొట్టి నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూసింది. చచ్చిన బూడిదలాంటిదేదో అందులో తేలుతోంది. జాడీ కింద పెట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. మా అక్క అక్కడికి వచ్చి, విషయం విని కొంచెం రోషపడింది.

"నాలుగు మూటలు పోయించినాను, శుభ్రంగా ఉండల్లని. అది కూడా తప్పేనా?"

నమిత కోపగించుకోలేదు. "తప్పు కాదమ్మా. ఈడ పనిచేసేవాళ్ళు కోట్లమంది ఉండిరి. అందరూ పోయినారు" అంది.

"ఎవురు?" అంది అక్క, చుట్టూ చూస్తూ.

అప్పుడు పెరుగు పాఠం అక్కకూ చెప్పింది.  అంతలో వచ్చిన బావ అందుకున్నాడు.

"సోమవారం నీళ్ళు పట్టే చోట కొంచం బోరు నీళ్ళు కలిపేస్తే సరిపోదా? అందరూ చేసేదే కదమ్మా."

"చేస్తారప్పా. బోరు నీళ్ళు పరీక్షకిచ్చేదానికి నేనెందుకు? రెండు రోజులకు మళ్ళీ ఈశ్వరప్ప బావి కంపు కొడితే అప్పుడేం కలపల్ల?" అంది నమిత. బావ తల నిమురుకున్నాడు.

పేడతో మళ్ళీ మొదలుపెడితే వారాలు పడుతుంది. దారి ఒక్కటే ఉంది. ఇలాంటి నీళ్ళకే అలవాటుపడిన బతికున్న బురదను, నడుస్తున్న మరో ఫ్యాక్టరీ తొట్టి నుంచి తెచ్చి పోయాలి. అలాంటి ఫ్యాక్టరీ దగ్గరలో ఒక్కటే ఉంది. బర్గూరు దారిలో ధనశేఖర్‌ది. వాళ్ళు జామ, టొమాటో గుజ్జు కూడా తీస్తారు కాబట్టి ఏడాదంతా నడుస్తుంది. వాళ్ళకు సలహాదారు కూడా నమితే. చిక్కల్లా, ఒక లారీ తోతాపురి కాయల దగ్గర మాటా మాటా పెరిగి మాకూ వాళ్ళకూ పలకరింపులు లేవు.

ఆ రోజంతా గాలి కొట్టే బ్లోయరు తిప్పి తొట్టిలో బ్లీచింగ్ ఘాటు పోగొట్టింది నమిత. తర్వాత ధనశేఖర్‌కు ఫోన్ చేసింది. "బురదే కదా మేడమ్, తీసుకోపోండి. అమ్మను మాత్రం ఒక మాట అడగండి" అన్నాడతను. శుక్రవారం పొద్దున నేనూ నమితా వెళ్ళాం. వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ ఫ్యాక్టరీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నమిత చేతులు పట్టుకుని ఆదరంగా కూర్చోబెట్టి, సంగతంతా విని, అడ్డంగా తల ఊపింది.

"ఈ దినం ఎట్లియ్యను తల్లీ? శుక్రవారం."

"శుక్రవారమైతే ఏమమ్మా? ఇది బురద."

"బురద అంటావేమి? నువ్వే కదా మాకు పాఠం చెప్పినావు, ఇది పెరుగు తోడు మాదిరి అని! శుక్రవారం పూట ఏ ఇల్లాలు తోడిస్తాది? లక్ష్మి గడప దాటి పోతాది."

కోట్లు పెట్టి కట్టిన కంపెనీల్లో పెద్ద పెద్దవాళ్ళ నోరు మూయించిన నమిత, తను చెప్పిన పోలికకే తను దొరికిపోయింది.

"రేపు ఇస్తారా అమ్మా?"

"రేపు శనివారం. అది ఇంకా మంచిది కాదు. ఆదివారం రా, రెండు ట్యాంకర్లు తీసుకోపో."

ఆదివారం పోస్తే సోమవారానికి అవి సర్దుకోలేవు. తిరుగు దారిలో నమిత మా కారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అన్నా, ఇంకెప్పుడూ పెరుగు మాట ఎత్తను. ఇడ్లీ పిండి అని చెప్తాను" అంది. కాసేపటికి, "ఇడ్లీ పిండి కూడా శుక్రవారం ఇయ్యరేమో" అని తనే అంది.

ఇంటికి వచ్చి చెప్తే బావ కుప్పకూలాడు. అక్క మాత్రం లోపలికి పోయి పట్టుచీర కట్టుకొచ్చింది. చేతిలో తమలపాకులు, వక్కలు, మల్లెపూలు, రవికెగుడ్డ.

"లేరా శ్రీహరీ, కారు తీయి."

"యాడికక్కా?"

"చేసింది నేను కదా. పొయ్యేది కూడా నేనే."

నమితతో సహా మళ్ళీ బర్గూరు దారి పట్టాం. ఇంకా పొద్దు ఉంది. మా అక్కను చూడగానే ఆదిలక్ష్మమ్మ ముఖం బిగుసుకుంది. కానీ శుక్రవారం గడప తొక్కిన ముత్తయిదువకు బొట్టు పెట్టకుండా ఎవరు పంపుతారు? కుంకుమ భరిణె తెచ్చింది. అక్క వంగి బొట్టు పెట్టించుకుని, తెచ్చిన తాంబూలం ఇచ్చి, చేయి వదలకుండా అంది.

"అక్కా, నేను తోడు అడిగేదానికి రాలేదు. అప్పు అడిగేదానికీ రాలేదు. మీ తొట్టిలోది నాకు వాయనంగా ఇయ్యండి."

ఆదిలక్ష్మమ్మ కళ్ళు నవ్వాయి.

"వాయనమా! వాయనం శుక్రవారమే కదమ్మా ఇచ్చేది!" అని, "ఒరే ధనా, ట్యాంకరు పిలిపించరా!" అని కేకేసింది.

మడి దగ్గర పెద్దావిడ రాజీపడలేదు. మరుగుదొడ్ల గుంతలు తోడే లారీ వస్తే వెనక్కి పంపింది, అందులో వాయనం పంపేది లేదని. చివరికి తాగునీళ్ళ ట్రాక్టరు ట్యాంకరు దొరికింది. యజమానికి "తోటకు ఎరువు నీళ్ళప్పా" అని చెప్పింది నేనే. అక్కా ఆదిలక్ష్మమ్మా కలిసి ట్యాంకరుకు పసుపు రాయబోతే నమిత పరుగెత్తుకొచ్చింది. "బయట ఒక్క బొట్టమ్మా, ఒక్కటే! లోపలికి పసుపు పోతే వాటికి పడదు" అని దండం పెట్టింది.

పంపు మొదలైంది. గొట్టం ఉబ్బి, చిక్కటి గోధుమరంగు బురద ట్యాంకరులోకి దూకసాగింది. ఆ మోత మధ్య గొట్టానికి అటొకరు ఇటొకరు నిలబడి, ఇద్దరూ దాని మీద చేయి వేశారు.

"ఇస్తినమ్మా వాయనం!" అని అరిచింది ఆదిలక్ష్మమ్మ.

"పుచ్చుకొంటినమ్మా వాయనం!" అని అంతకన్నా గట్టిగా అరిచింది మా అక్క.

"నా వాయనం అందుకున్నది ఎవరమ్మా?"

"నేనమ్మా, గౌరీదేవిని!"

గుజ్జు డబ్బాలు మోసేవాళ్ళు మోయడం ఆపి నిలబడ్డారు. ధనశేఖర్ చెప్పులు విడిచాడు. నవ్వు ఆపుకుందామని నేను నమిత వైపు తిరిగితే ఆమె నవ్వడం లేదు. తల మీద కొంగులా చున్నీ కప్పుకుని చేతులు జోడించి ఉంది. నా నవ్వు ఎటో పోయింది.

ట్రాక్టరు బయలుదేరబోతుంటే ఆదిలక్ష్మమ్మ మా కారెక్కి కూర్చుంది. "బిడ్డను అత్తింటికి పంపినట్టుండాది. చేర్చి వస్తాను" అంది. దారిపొడవునా మా అక్కా ఆవిడా ఆవకాయ పాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. తోతాపురి లారీ మాట ఎవరూ ఎత్తలేదు.

శనివారమంతా నమిత తొట్టి దగ్గరే ఉంది. ముందు బెల్లం నీళ్ళు, తర్వాత మామిడి కడిగిన నీళ్ళు చెంబుల లెక్కన పోయించింది. పొద్దున జాడీలో పట్టి చూస్తే మబ్బుగా ఉంది. బావ తలనొప్పి మాత్ర వేసుకున్నాడు. సాయంత్రానికి బురద కొంచెం కొంచెంగా ముద్ద కట్టి కిందికి దిగడం మొదలైంది. ఆదివారం నమిత పెట్టెలోంచి సూక్ష్మదర్శిని తీసి ఆఫీసు బల్ల మీద పెట్టి, గాజుపలక మీద ఒక బొట్టు వేసింది.

"రండన్నా, చూడండి."

ఒక కన్ను మూసి వంగాను. మొదట నా కనురెప్పే కనిపించింది. తర్వాత, సన్నటి కాడల చివర ఉమ్మెత్త పూలలాంటివి గుంపుగా. పూలే అనుకున్నాను. అంతలో ఒకటి ఉలిక్కిపడి, కాడను స్ప్రింగులా చుట్టుకుని కిందికి జారింది. మళ్ళీ నెమ్మదిగా లేచి మూతి తెరిచింది. మూతి చుట్టూ వెంట్రుకలు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ సుడిలోకి చుక్కలు చుక్కలుగా ఏదో పోతోంది. తింటోంది! నేను చూస్తుండగా, నా ఎదురుగా, మా ఫ్యాక్టరీ మురికిని తింటోంది. పక్కన ఇంకొకటి. దాని వెనక ఇంకెన్నో. ఒక్క బొట్టులో. బయట ఈతకొలనంత తొట్టి ఉంది.

ఇన్నేళ్ళు ఈ దేశంలో మురికిని ఎవరు మోస్తున్నారని నేను ఆలోచించనే లేదు.

"వీళ్ళు వచ్చినారంటే నీళ్ళు బాగుపడతాండాయని అర్థం. చెడిపోయిన నీళ్ళలో వీళ్ళుండరు" అంది నమిత. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషే, అయినా ఆ గొంతులో ఇప్పుడే చూసినట్టు ఉంది.

అక్క చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"నేను పౌడరు పోయించింది... ఇట్లాంటివాళ్ళ మీదేనా?"

"వాళ్ళు కూడా ఇట్లనే ఉండిరమ్మా."

అక్క లేచి పోయి కాళ్ళు కడుక్కుని వచ్చి మళ్ళీ చూసింది.

సోమవారం ఆఫీసర్లొచ్చారు. తొట్టి దాటి, చివరి గొట్టంలోంచి వచ్చిన నీళ్ళను సీసాలో పట్టారు. ఆ నీళ్ళ అవతల వాళ్ళ చొక్కా గుండీలు కనబడ్డాయి. నమిత జరిగినదంతా దాచకుండా రాసిన కాగితం కూడా వాళ్ళ చేతికిచ్చింది. అక్క ఆమె చెవిలో, "నా పేరు రాసినావా?" అంది.

"పేరు లేదమ్మా. 'అతి శుభ్రత వల్ల' అని రాసినాను."

ఆ వారం చివర్లో పరీక్షల ఫలితం వచ్చింది. అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. గేటు పూర్తిగా తెరుచుకుంది. కాయల బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. ఆగస్టులో ఈశ్వరప్ప బావి నీళ్ళు చెంబుతో తెచ్చి బావ ముందు పెట్టి, "తాగప్పా" అన్నాడు. బావ తాగాడు. తాగక ఏం చేస్తాడు?

సీజను అయ్యాక బావ ఎప్పటిలాగే, "బ్లోయరు ఆపేయండి, కరెంటు దండగ" అన్నాడు. అక్క అడ్డం తిరిగింది.

"పని అయిపోతానే తలుపేసి పస్తు పెడతావా? ఇన్నాళ్ళు మన మురికి తిని మనల్ని నిలబెట్టినారు!"

నమిత అక్కడే ఉంది. "అందరు యజమానులకూ చెప్తాను, ఖాళీ రోజుల్లో కూడా కొంచం తిండి, కొంచం గాలి ఇచ్చి బతికించుకోండి అని. ఒక్కరూ వినలేదన్నా" అని అక్క వైపు చూస్తూ నాతో మెల్లగా అంది.

ఇప్పుడు రోజూ పొద్దున మా ఇంటి గంజి, ఇరుగుపొరుగు ఇళ్ళ గంజి క్యాన్లలో ఫ్యాక్టరీకి పోతుంది. మొన్న గుర్రప్ప మూత తీసి వాసన చూసి, "ఉప్పేసినారా అమ్మా?" అని అడిగాడు.

"ఉప్పు వాళ్ళకు పడదప్పా" అంది అక్క. "మెల్లగా పోయి. ఒక్కసారిగా కుమ్మరించద్దు."